సింహాసనం కారు, డీజిల్ అంబాసిడర్

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణపు కొసన, చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ ఇవాళ హరీస్‌కి, ఖహ్వాకి, లుంగీల దుకాణాలకి పేరు. ఒకప్పుడది దండు విడిది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల బ్యారక్‌లే కాలక్రమంలో పేటగా మారాయి. ఆ దళాలను నడిపిన జమేదార్లు సామాన్యులు కారు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కుటుంబం హైదరాబాద్‌లో సంపాదించిన సొమ్ము, పలుకుబడి అండతో సముద్రం అవతల షిహ్ర్, ముకల్లా రేవులను గెలుచుకుని 1967 దాకా సుల్తానులుగా ఏలింది.

ఈ పేటకు దగ్గర్లోనే, కొండ మీద ఫలక్‌నుమా. వికార్ ఉల్ ఉమ్రా కట్టించుకున్న ఆ భవనం తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూసింది అక్కడే. ఆయన కోరి ఆర్డరిచ్చిన కారొకటి అప్పటికింకా హైదరాబాద్ చేరలేదు.

అది రోల్స్ రాయిస్ 40/50, సిల్వర్ ఘోస్ట్‌గా జనం పిలుచుకునే ఆరు సిలిండర్ల బండి. పసుపు రంగు ఒళ్లు, గుమ్మటంలాంటి పైకప్పు, వెనక ఎత్తుగా కూర్చున్న సింహాసనం సీటు. అంతవరకూ లంగర్ ఊరేగింపుల్లో జనం ఏలికను ఏనుగు అంబారీ మీద చూసేవారు; ముందూ వెనకా అరబ్బు దళాలు నడిచేవి. మోటారు ఎక్కినా రాజు అందరి కళ్లకూ ఆనాలన్న కోరిక ఆ సీటు ఎత్తులో కనిపిస్తుంది. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని వేడుకలకే వాడాడు. 1937 నాటి రజతోత్సవం తర్వాత చాలా ఏళ్లు అది షెడ్డుకే పరిమితమైంది. మరమ్మతులు జరిగాక ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక నిలబడి ఉంది.

పాత కారును ఉన్నదున్నట్టు ఉంచాలా, కాలానికి తగ్గట్టు మార్చుకోవాలా అనే వాదన ఎక్కడ మొదలైనా ఈ కారు దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారు అమ్మేది కాదు. చాసిస్, ఇంజను, రేడియేటర్ దాకా దాని పని. మీద ఒళ్లు కట్టడం మరొకరి వృత్తి. ఈ కారుకు ఆ ఒళ్లు కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ, అంతకుముందు గుర్రపు బగ్గీలు కట్టడంలో ఆరితేరినది. అంటే కొనుగోలుదారు చెప్పిన మార్పులే ఆ బండికి పుట్టుక. సింహాసనం సీటు తీసేసి మామూలు సీటు పెడితే అది అసలు రూపానికి దగ్గరవదు, దూరమవుతుంది. ఒరిజినల్ అన్న మాటకు ఇక్కడ అర్థం కంపెనీ క్యాటలాగు కాదు; ఒక నిజాం కోరిక, ఒక బగ్గీ కంపెనీ పనితనం, ఒక ఊరి వేడుక కలిసిన 1910ల నాటి నిర్ణయం.

ఇలాంటి కార్లను మార్చకూడదన్నది ఈ వ్యాసం నిశ్చితాభిప్రాయం. ఇంజనులో అరిగిన బేరింగు మార్చవచ్చు, చెదలు తిన్న చెక్క ముక్కను అదే జాతి చెక్కతో అతకవచ్చు. అంతకుమించి చేస్తే చదవాల్సిన దస్తావేజును మనమే కొట్టేసి తిరగరాసినట్టు.

కానీ హైదరాబాద్ కార్ల చరిత్ర రాజుల షెడ్లతో అయిపోదు. 1932లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. స్కాట్లాండ్‌లో తయారైన ఆ ఆల్బియన్ బస్సుల్లో ఒకటి, డెక్కన్ క్వీన్, బస్ భవన్‌లో ఆర్టీసీ జ్ఞాపకంగా మిగిలింది. ఒక్కటే మిగలడం సహజమే. మిగతావి రోజూ మనుషుల్ని మోశాయి, అరిగాయి, విడిభాగాలై మరో బస్సులో చేరాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు దొరక్క దేశమంతటా బస్సులకూ కార్లకూ బొగ్గు గ్యాస్ పొయ్యిలు తగిలించి నడిపారు. ఆ డబ్బా తగిలించిన బస్సును ఇవాళ ఎవరైనా దొరకబుచ్చుకుంటే, డబ్బా పీకేసి 1932 రూపానికి తేవాలా? అక్కర్లేదు. ఆ డబ్బా కూడా చరిత్రే, బహుశా అసలు బస్సుకంటే అరుదైన చరిత్ర.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత నిజాం అరబ్బు దళాలు రద్దయ్యాయి. చాలామందిని వెనక్కి పంపారు. మిగిలినవారు భారత పౌరులై బార్కస్‌లోనే స్థిరపడ్డారు. 1970ల తర్వాత వారి పిల్లలు గల్ఫ్ దేశాలకు వెళ్లడంతో పేటకు కొత్త డబ్బు వచ్చింది. అదే దశాబ్దాల్లో హైదరాబాద్ రోడ్ల మీద నడిచింది అంబాసిడర్, ఫియట్, జీపు. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. 1950ల చివర్లో పుట్టి 2014 మే దాకా తయారైన ఆ కారు మార్పులకు పెట్టింది పేరు. పెట్రోలు ఖర్చు భరించలేని టాక్సీ యజమానులు ఇంజను దించి మటాడోర్ వ్యాన్ డీజిల్ ఇంజను ఎక్కించేవారు. విల్లీస్ నమూనా జీపులదీ అదే కథ. బోల్టుల చోటు మార్చి, క్రాస్ మెంబరు కోసి, గేరుబాక్సుకు కొత్త ప్లేటు తయారుచేసి ఇంజను కూర్చోబెట్టిన మేస్త్రీల నైపుణ్యం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మేస్త్రీలు లేకపోతే చాలా బండ్లు ముప్పై ఏళ్ల కిందటే పాత ఇనుము అయ్యేవి.

కాపాడాల్సిన బాధ్యత, విప్పి బిగించే ఇష్టం రెండూ ఒకే మనిషిలో ఉన్న ఉదాహరణ కూడా హైదరాబాద్‌దే. 1967లో తాత ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయాక వారసుడైన ముకర్రం జా యంత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. ఇంజను విప్పి బిగించడం ఆయనకు దర్బారు నడపడం కంటే ఇష్టమైన పని. ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొని అక్కడ బుల్‌డోజర్లు తోలాడు. అయినా వారసత్వంగా వచ్చిన కార్లను కాపాడలేకపోయాడు. అరవై కార్లకు ఖర్చు రాస్తుంటే నడిచేవి నాలుగేనని ఆయన జీవితచరిత్ర రాసిన జాన్ జుబ్రిజికి లెక్క చెప్పాడు. వారసుల తగవుల మధ్య, కోర్టు కేసుల మధ్య ఒక సింహాసనం కారు మిగలడమే అదృష్టం.

పాత కార్ల విషయంలో ప్రపంచం అభిరుచి ఈ మధ్య కాలంలో బాగా మారింది. ఒకప్పుడు పోటీల్లో అద్దంలా మెరిసే కార్లకే బహుమతులు. ఇప్పుడు దుమ్ముతో, పగిలిన తోలు సీట్లతో ఉన్న కార్లకు ప్రత్యేక విభాగాలున్నాయి. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో బయ్యోన్ కుటుంబం కార్ల వేలం జరిగింది. పశ్చిమ ఫ్రాన్స్‌లో రేకుల షెడ్ల కింద దశాబ్దాలు మగ్గినవి అవి. పాత పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ తుడవను కూడా తుడవకుండానే కోటిన్నర యూరోలు దాటి పోయింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా అప్పటికే టూరిన్ చార్టర్‌ను ఆమోదించింది. పురాతన కట్టడాలకు 1964 వెనిస్ చార్టర్ ఎలాగో వాహనాలకు ఇది అలాంటిది. అవసరమైనంతే చెయ్యండి, చేసినది రాసి పెట్టండి, కొత్తగా కలిపినది పాతదానిలో కలిసిపోయి మోసం చెయ్యనివ్వకండి అని దాని సారం. బండి మీద కాలం వేసిన ముద్రలను కూడా చరిత్రగానే చూడమంటుంది.

మన దేశంలో తీర్పు, చట్టం కూడా ఒక వైపు మొగ్గాయి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ చెప్పింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి, వ్యాపారానికి వాడకూడదు, చాసిస్‌లోగాని బాడీలోగాని ఇంజనులోగాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, ఆ తర్వాత 5,000. నంబరులో రాష్ట్ర సంకేతం పక్కన వీఏ అనే అక్షరాలు చేరతాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుడుకు ఆ బండి పనికిరాదు.

ఈ నిబంధన సింహాసనం కారుకు అతికినట్టు సరిపోతుంది. డీజిల్ అంబాసిడర్‌కు సరిపోదు, అక్కడే ఇబ్బంది. 1970ల తొలి ఏళ్ల అంబాసిడర్ ఒకటి బార్కస్‌లోనో షాహీన్ నగర్‌లోనో ఏ ఇంటి ముందైనా ఉందనుకుందాం. అందులో డీజిల్ ఇంజను ఉంటే అది వింటేజ్ కాదు. పాత పెట్రోలు ఇంజను వెతికి ఎక్కిస్తే చట్టానికి దగ్గరవుతుంది కానీ, దాని జీవితంలోని టాక్సీ అధ్యాయం చెరిగిపోతుంది. పెద్ద మార్పు అన్నదానికి కాలపరిమితి పెట్టి, తన కాలంలోనే, పని కోసమే జరిగిన మార్పును చరిత్రగా గుర్తిస్తే బాగుండేది. అలంకారం కోసం నిన్న మొన్న చేసిన మార్పు వేరు.

కొత్తగా సృష్టించాలనే తపన ఉన్నవారికి దారి లేకపోలేదు. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో బర్గరు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే బండ్లున్నాయి. 2005లో ఆయన 41 అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు సాధించాడు. ఆయన కల్పనకు ముడిసరుకు తుక్కు సామాను. అరుదైన కారును ముట్టుకోకుండా చేతికి పని చెప్పిన పద్ధతి అది.

ఇక పాత బండిని నడుపుతూ ఉంచాలనుకునేవారికి అసలు చిక్కు ఇప్పుడు పెట్రోలు బంకులో ఉంది. 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయినప్పుడు పాత ఇంజన్ల వాల్వు సీట్లకు ముప్పు వచ్చింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, కార్బరేటర్ డయాఫ్రంలను కొరికేస్తోంది. ఇక్కడ పట్టుదలకు పోయి పాత గొట్టమే ఉంచితే లీకై బండే కాలిపోవచ్చు. గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించి, విప్పిన పాత సామానుకు తారీఖు రాసిన చీటీ కట్టి డబ్బాలో దాచాలి. చాసిస్ మీద గ్యాస్ కట్టరు మాత్రం పెట్టనివ్వకూడదు.