చిల్లంగి

మంత్రప్రయోగంతో ఎదుటివారికి జబ్బు, చావు తెప్పించవచ్చన్న నమ్మకానికి గోదావరి జిల్లాల్లో ఉన్న పేరు, చేతబడి లాంటిది. అంతుచిక్కని జ్వరం వచ్చినా, ఇంట్లో వరుస మరణాలు సంభవించినా ఎవరో చిల్లంగి పెట్టారంటారు. భూతవైద్యుడు విభూతి రాసి, తాయెత్తు కట్టి, నిమ్మకాయలతో దిగదుడుస్తాడు. మన్యం గ్రామాల్లో ఈ అనుమానంతో హత్యలూ జరిగాయి.

అకాలమరణం పొందినవారు దెయ్యాలవుతారన్న భయం ఈ నమ్మకానికి తోడు. పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని భావించి, తీరుస్తామని బంధువులు మాటిస్తారు.

మంత్రవిద్యపై భయం మరోచోట మరోలా కనిపించింది. జమైకాలో 1760 నాటి బానిసల తిరుగుబాటు తర్వాత పాలకులు ‘ఒబియా’ మంత్రవిద్యను చట్టం ద్వారా నిషేధించారు. అక్కడ మంత్రం బానిసల యజమానులను భయపెట్టింది. ఇక్కడ చిల్లంగి నింద సాటి ఊరివారి మీదే పడుతుంది.