తొమ్మిది లెక్క

అంబాసిడర్ కాలపు మేస్త్రీల ప్రస్తావన వస్తే ఒక పొగడ్త తప్పకుండా వినిపిస్తుంది: బానెట్ ఎత్తకుండానే, చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లని. ఆ మాట అబద్ధం కాదు గానీ, ఆ పనివాళ్లకు న్యాయం చేసేదీ కాదు. ట్యాపెట్ సెట్టింగ్ అనే విద్య మన షెడ్లలో దశాబ్దాల పాటు నిలిచింది లెక్క మీద. చెవిది రెండో స్థానం.

హిందుస్థాన్ మోటార్స్ 1957లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టినప్పుడు దానిది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒళ్లు, పాతకాలపు సైడ్‌వాల్వు ఇంజను. 1959లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ 1489 సీసీ ఇంజను దాని చోటుకు వచ్చింది. బ్లాకులో క్యామ్‌షాఫ్ట్, దాని మీద ట్యాపెట్లు, అక్కణ్నుంచి పైకి పుష్‌రాడ్లు, హెడ్డు మీద రాకర్లు, వాటి కింద వాల్వులు. ఈ ఇనుమంతా వేడికి సాగుతుంది కాబట్టి రాకరుకూ వాల్వు కొసకూ మధ్య 15 థౌ సందు ఉంచాలి. అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, 0.38 మిల్లీమీటరు. సందు పెరిగితే టకటక మోగుతుంది. తగ్గితే ఏ చప్పుడూ ఉండదు. అసలు ముప్పు అప్పుడే. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు మీద ఆనినప్పుడే వదిలించుకుంటుంది. పూర్తిగా మూసుకోకపోతే దాని అంచు కాలిపోతుంది, బండి ఎంత మెత్తగా నడుస్తోందో అని యజమాని మురిసిపోతుండగానే.

ఎనిమిది వాల్వులు, ఎనిమిది స్క్రూలు. ఏ వాల్వు పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు దాని స్క్రూ ముట్టుకోవాలన్నదే ప్రశ్న. దానికి జవాబు తొమ్మిది లెక్క. ముందు నుంచి వరసగా అంకెలు వేసుకుంటే, ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, మూడోది తెరుచుకున్నప్పుడు ఆరోది, అయిదోదానికి నాలుగోది. ఏ జంట కలిపినా తొమ్మిదే. ఇందులో మంత్రమేమీ లేదు. ఒకటో సిలిండరుకు నాలుగోది, రెండోదానికి మూడోది జోడీ. వాల్వుల వరస రెండు కొసల నుంచీ అద్దంలో బొమ్మలా ఉంటుంది. ఒక క్యామ్ ముక్కు పైకి లేచినప్పుడు జోడీ క్యామ్ వీపు తిప్పి ఉంటుంది. లాక్‌నట్టు వదులు చేసి, ఫీలర్ గేజి రేకు సందులో పెట్టి, రేకు కాస్త పట్టుకుంటూ జారేదాకా స్క్రూ తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. బిగింపులో సందు మారుతుంది గనుక రేకు మళ్లీ పెట్టి చూడాలి. ఆ రెండో చూపును ఎగ్గొట్టేవాడి పని మర్నాటికే తిరిగొస్తుంది.

ఇదంతా మాన్యువల్‌లో ఉన్నదే కదా, ఇందులో మేస్త్రీ గొప్పేమిటి అని అడగవచ్చు. మాన్యువల్ కొత్త ఇంజనును ఊహించుకుని రాసింది. కొత్త కారుకు ఏళ్ల తరబడి వరసలో ఉండాల్సిన దేశంలో అదే ఇంజను మళ్లీ మళ్లీ విప్పించుకునేది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బోరింగు ఒక షెడ్డులో, క్రాంకు గ్రైండింగు ఇంకో షెడ్డులో. వాల్వు సీటు కోసిన ప్రతిసారీ వాల్వు లోపలికి దిగి, దాని కొస పైకి లేస్తుంది. హెడ్డు ప్లేనింగు చేయిస్తే హెడ్డే కిందికొస్తుంది. రెండు విధాలా సందు తగ్గుతుంది. పైగా ఈ ఇంజనులో రాకర్ షాఫ్టు స్తంభాలను పట్టి ఉంచే స్టడ్లే హెడ్డును కూడా పట్టుకుంటాయి. కొత్త గ్యాస్కెట్ అణిగాక హెడ్డు మళ్లీ బిగిస్తే ఎనిమిది కొలతలూ తప్పుతాయి. కట్టిన ఇంజను కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ట్యాపెట్లు మళ్లీ సెట్ చేయడం మేస్త్రీ చాదస్తమేమీ కాదు.

చెవిని సమర్థించేవారికి గట్టి వాదన ఒకటుంది: గేజి కూడా మోసం చేస్తుంది. అది నిజమే. వాల్వు కొస ఏళ్ల తరబడి కొట్టిన చోట రాకరు మొహం మీద గుంట పడుతుంది. రేకు ఆ గుంటలోకి దిగదు, దాని మీద వంతెనలా పడుకుంటుంది. రేకు 15 అంటుంది. అసలు సందు గుంట లోతంత ఎక్కువ. సెట్ చేశాక కూడా మోగుతుంటే ఆ తేడాను పట్టేది చెవే. కానీ చెవి అనుమానం వరకే. చప్పుడు గుంటదా, వంగిన పుష్‌రాడ్డుదా, అరిగిన క్యామ్‌దా అన్నది చెవి తేల్చలేదు. పుష్‌రాడ్డును అద్దం పలక మీద దొర్లించాలి. వాల్వు ఎంత లేస్తోందో పక్కదానితో పోల్చాలి. కంప్రెషన్ తక్కువైతే ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిలు పోసి మళ్లీ చూడాలి: పెరిగితే రింగులు, పెరగకపోతే చాలావరకు వాల్వులు. ఒక్కో పరీక్ష ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తుంది. దీన్ని దివ్యశ్రవణం అని పొగడటంలో చిన్న అవమానం కూడా ఉందనిపిస్తుంది: నూనె మరకల చొక్కా వేసుకున్నవాడు తర్కించాడని ఒప్పుకోలేక, వరం అంటున్నాం.

ఈ విద్య తగ్గిపోయింది మేస్త్రీల చెవులు మొద్దుబారి కాదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో క్యామ్‌షాఫ్ట్ హెడ్డు మీదికెక్కింది, పుష్‌రాడ్లు పోయాయి. సర్దుకునే స్క్రూలు మాత్రం మిగిలాయి. తరవాతి ఇంజన్లు చాలావాటిలో ఆ సందును ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు చూసుకుంటున్నాయి. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ 2014 మేలో ఆగింది. ఇప్పటికీ తిరుగుతున్న 1489 సీసీ పెట్రోలు బండి ఏదైనా షెడ్డుకొస్తే, ఎనిమిదో వాల్వు తెరిచే ఒకటోదాన్ని సెట్ చేస్తారు.