పాత గోల్ఫు బండిలో వేడెక్కు తీగలు

జార్జియా రాష్ట్రమందలి అగస్టా పట్టణము గోల్ఫు క్రీడకెంత ప్రసిద్ధమో, ఆ పచ్చికబయళ్లపై ఆటగాండ్రను మోసికొని తిరుగు విద్యుచ్ఛకటముల నిర్మాణమునకు నంతే ప్రసిద్ధము. 1934లో మాస్టర్స్ పోటీలకు జన్మస్థానమైన ఆ యూరనే, రెండు దశాబ్దములకు పిమ్మట, 1954లో డోలన్ సోదరులు ఈజీ-గో సంస్థను నెలకొల్పిరి. హ్యూస్టను నగరమున పుట్టిన క్లబ్ కార్ సంస్థయు 1960ల ఆరంభమున అచ్చటికే తరలి వచ్చెను. అంతకు మునుపే, 1951 నాటికి, కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్సున మార్కెటీర్ సంస్థ ఇట్టి బండ్లను నిర్మించుచుండెను. ఈ చరిత్రను వ్రాయువారు సంస్థల పేర్లను, బండ్ల సొంపును వర్ణించి విరమింతురు. సీటు నెత్తి చూచినచో కనబడు నల్లని లావుపాటి తీగలను గూర్చి పలుకువారరుదు. ఆ బండిపై మనుష్యులు మోపిన భారమంతయు తుదకు భరించినవి ఆ తీగలే గనుక, వాని కథయే ఈ శకటముల నిజమైన కథయని నా యభిప్రాయము.

తొలితరపు బండ్లలో ఆరేసి వోల్టుల సీసపు బాటరీలారింటిని వరుసగా కలిపి 36 వోల్టులు సమకూర్చుచుండిరి. ఇట్లు వరుసగా కలిపినప్పుడు మోటారునకు బోవు ప్రవాహమంతయు ప్రతి తీగలోనుండియు, ప్రతి కూడలిలోనుండియు సాగవలసినదే. ఏ యొక్కటి దుర్బలమైనను ఆ బరువు తప్పించుకొను దారి లేదు. వోల్టులు తక్కువగుటచే, అదే శక్తికి ఆంపియర్లు హెచ్చును. మిట్ట నెక్కునప్పుడు నూరు ఆంపియర్లు దాటుట సామాన్యము.

ఇంగ్లండు దేశీయుడగు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1840 ప్రాంతమున ప్రయోగపూర్వకముగా నిరూపించిన సూత్రమిచ్చట తన ప్రతాపమును జూపును: తీగలో పుట్టు వేడిమి ప్రవాహము యొక్క వర్గమును, నిరోధమును అనుసరించి యుండును. ప్రవాహము రెట్టింపైన వేడిమి నాలుగింతలగును. చక్కగా బిగిసిన శుభ్రమైన కూడలిలో నిరోధము ఓములో పదివేలవ వంతనుకొందము. నూరు ఆంపియర్లకు అచ్చట పుట్టు వేడిమి ఒక్క వాట్టు మాత్రమే. అదే కూడలి మరచుట్టు వదులై, చిలుము పట్టి, నిరోధము నూరవ వంతునకు పెరిగినచో, బొటనవ్రేలంత చోట నూరు వాట్లు రగులును. టెర్మినలు సీసము కరగుటయు, తీగపై తొడుగు మాడి కమురు వాసన వచ్చుటయు ఇందువలననే.

ఆ కాలపు వేగనియంత్రణమును వేడిమితోనే ముడిపడి యుండెను. కాలితో నొక్కు మీట నిరోధపు చుట్టలను ఒక్కొక్కటిగా వలయమునుండి తొలగించుచు వేగమును పెంచుచుండెను. అనగా మెల్లగా నడపునప్పుడు బాటరీలోని శక్తి కొంత చుట్టలలో వృథాగా కాలిపోవుచుండెను. ముందువెనుకల నడకను మార్చు మీటలోని రాగి పలకలు అరిగి, నల్లబడి, తామును వేడెక్కుచుండెను. ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు వచ్చి ఆ చుట్టల వృథాను తొలగించినవి. మోటారు కోరు ప్రవాహమును మాత్రము తగ్గింపలేదు.

మరియొక శత్రువు గంధకికామ్లము. చార్జింగు వేళ బాటరీలనుండి వెలువడు తుంపరలు తీగల చివరలను తాకి, రాగిపోగులను నీలహరితవర్ణపు పొడిగా మార్చును. ఈ క్షయము తొడుగు లోపలినుండి ప్రాకిపోవును గావున, పైకి నిగనిగలాడు తీగయు లోపల సగము చచ్చి యుండవచ్చును. అట్టిది వంచిచూచిన బిరుసుగా నుండును.

అనుభవశాలియగు మెకానిక్కు బండిని ఒక మిట్ట నెక్కించి, ఆపి, తాళము తీసి, పిదప తీగల చెంతకు చేయి జాగ్రత్తగా పోనిచ్చి చూచును. చివర మాత్రమే కాలుచున్నచో దోషము కూడలిది. తీగ పొడవునను సమముగా వేడి యున్నచో ఆ తీగ మోయవలసినదానికి సన్ననిది. అంతకంటె నమ్మదగిన పరీక్ష వోల్టుమీటరుతో జరుగును: బండి భారముతో సాగుచుండగా ఒక తీగ రెండు కొనల నడుమ ఎంత వోల్టేజి జారిపోవుచున్నదో కొలిచి, తక్కిన తీగలతో పోల్చినచో, దొంగ దొరకును. వేడెక్కిన తీగను కనబడగానే కత్తిరించి కొత్తది తగిలించి, చిలుము పట్టిన టెర్మినలును గీకకయే బిగించు పద్ధతిని నేనంగీకరింపను. కొన్ని వారములలో కొత్త తీగయు మాడును.

అరిజోనాలోని సన్ సిటీ వంటి విశ్రాంతినగరములు 1960 నుండి వెలసిన పిమ్మట, ఈ బండి క్రీడాంగణమును దాటి వీథికెక్కినది. ఇద్దరికై చేసిన దానిపై నలుగురు కూర్చుండిరి. పెద్ద చక్రములు అమరినవి. ప్రవాహము పెరిగినది, తీగ మాత్రము మారలేదు. నిర్మాతలు క్రమముగా 48 వోల్టులకు మరలినప్పుడు, అదే శక్తికి ప్రవాహము ముప్పాతికకు దిగి, తీగలలోని వేడిమి సగమునకు కొంచెము పైన నిలిచెను. 36 వోల్టుల పాత బండిని నిలుపుకొన దలచినవారు, 13 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల ఆరవ గేజి తీగలను తీసివైచి, 33 చదరపు మిల్లీమీటర్ల రెండవ గేజి తీగలను వేయించుకొనుచున్నారు.