శిస్తులో కలిసిన బడిపన్ను: గోదావరి డెల్టాలో పల్లె విద్యావ్యయం

ఆంధ్రదేశ విద్యాచరిత్రను పరిశీలించేటప్పుడు పాఠ్యగ్రంథాలు, బోధనభాష, సంస్కర్తల కృషి ముందుకు వస్తాయి. బడి ఖర్చు ఎవరు భరించారన్న ప్రశ్న వెనుకబడుతుంది. కానీ పల్లెబడి మనుగడను నిర్ణయించినది ప్రధానంగా ఈ ప్రశ్నే. 19వ శతాబ్ది మధ్యభాగంలో గోదావరి డెల్టా రైతులు బడికోసం తమ భూమిశిస్తుపై అదనపు భారాన్ని అంగీకరించారు. ఆ అంగీకారం చట్టంగానూ, సెస్సుగానూ మారిన క్రమంలో దాని స్వభావం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధిబడి ఆర్థికం

ప్రభుత్వ పాఠశాలలకు పూర్వం పల్లెల్లో చదువు వీధిబడి పంతులు అరుగుమీద సాగేది. పంతులుకు నెలజీతం కంటె గింజలు, స్వయంపాకం, పండుగ కానుకలే ఆధారం. దసరా దినాల్లో పంతులు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి తిరిగి మామూళ్లు పుచ్చుకొనే ఆచారం ఈ ఏర్పాటులో భాగమే. పిల్లలను బడికి పంపలేని కుటుంబాలకు ఇందులో భారమూ లేదు, ఫలమూ లేదు. లోటుపాట్లు ఎన్ని ఉన్నా ఒక లక్షణం గమనింపదగినది: ఇచ్చినవాడికి తాను ఇచ్చినది ఎవరికి చేరిందో కంటికి కనిపించేది.

నరసాపురం ప్రయోగం

1832-33 నాటి నందన కరువుతో దెబ్బతిన్న గోదావరి సీమకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కొత్త ఊపిరి పోసింది. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి నగరం లంకకు, అంటే నేటి రాజోలు ప్రాంతానికి, కాలువ నీరు చేరింది. పంట నిలకడ చెందడంతో రైతు చేతిలో కొంత మిగులు ఏర్పడింది. సరిగా ఈ దశలోనే, 1850వ దశకం మధ్యలో, రాజమండ్రి జిల్లా సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ రాజోలుకు వశిష్ఠ ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురంలోను, పరిసర పట్టణాలలోను తెలుగు పాఠశాలలు నెలకొల్పాడు. వాటిని చూసిన చుట్టుపక్కల రైతులు తమ ఊళ్లకూ బడులు కావాలని కోరారు; అందుకు శిస్తుపై కొంత అదనంగా చెల్లించేందుకు ఒప్పుకొన్నారు. ఇవే ఆంగ్లేయుల రికార్డులలో ‘రేటు స్కూళ్లు’గా ప్రసిద్ధికెక్కాయి.

ఈ పద్ధతికి నాటి భూమిశిస్తు ఏర్పాటు అనుకూలించింది. ఊరంతటికీ ఉమ్మడిగా శిస్తు నిర్ణయించి, రైతులు తమలో తాము పంచుకొనే అమరకం అప్పట్లో గోదావరి జిల్లాలో ఉండేది. ఉమ్మడి మొత్తానికి బడిపన్ను కలపడం సులువు. అయితే ఆ సులువులోనే ఒక చిక్కు ఉంది. ఊరి పెద్దలు ఒప్పుకొంటే ఊరంతా ఒప్పుకొన్నట్లే లెక్క. చిన్న రైతు సమ్మతిని విడిగా అడగవలసిన అవసరం ఈ పద్ధతిలో కలగదు. 1860వ దశకంలో కొత్త సెటిల్‌మెంటుతో రైతువారీ పద్ధతి వచ్చి, ప్రతి రైతుకూ శిస్తు విడిగా నిర్ణయమయినప్పుడు ఉమ్మడి అంగీకారపు పునాది కదిలింది.

అంగీకారం నుంచి చట్టానికి

ఈ బడులకు చట్టబద్ధత కల్పించే ఉద్దేశంతో ముఖ్యంగా 1863లో మద్రాసు ప్రభుత్వం 6వ చట్టం చేసింది. ఊరివారు కోరితే తమమీద తామే విద్యాపన్ను విధించుకోవచ్చునన్నది దాని సారం. ఇంగ్లండులో స్కూలు బోర్డులకు స్థానిక పన్నుల సొమ్ము వినియోగించే అధికారమిచ్చిన చట్టం 1870లో వచ్చింది. అంతకు ఏడేళ్ల ముందే మద్రాసు రాజధానిలో ఈ సూత్రం చట్టానికెక్కింది. అయినా ఈ చట్టం అంతగా అమలులోకి రాలేదు. సమ్మతిని కాగితం మీదికి ఎక్కించడం సాధ్యమేగాని, పుట్టించడం చట్టానికి సాధ్యం కాలేదు.

1871 నాటి స్థానిక నిధుల చట్టం ఆ మార్గాన్ని విడిచి, భూమిపై రూపాయికి అణా మించని సెస్సును నిర్ణయించింది. ఇందులో పెద్ద వాటా రోడ్లకు పోయేది. బడులకోసం ఉద్దేశించిన ఇంటిపన్ను తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొని, కొద్దికాలానికే ఆగిపోయింది. ఈ రెండింటి గతిలోని భేదం ఆలోచింపదగినది. శిస్తుతో కలిసి వచ్చిన సెస్సు నిలిచింది. బడి పేరుతో విడిగా గుమ్మంలోకి వచ్చిన పన్ను నిలవలేదు. ప్రభుత్వం నేర్చుకొన్న పాఠం పన్నును కనబడకుండా వసూలు చేయడమే. దాని మూల్యంగా, తన రొక్కం ఏ బడికి చేరుతున్నదో అడిగే అవకాశం రైతుకు సన్నగిల్లింది.

1920 ప్రాథమిక విద్యాచట్టం స్థానిక సంస్థలకు విద్యాపన్ను విధించే అధికారాన్ని మళ్లీ ఇచ్చింది. అది ఆస్తిపన్ను, భూమి సెస్సు వంటి ఉన్న పన్నులపై అదనపు భారం; వసూలయిన మొత్తానికి తగ్గకుండా ప్రభుత్వం తన వాటా కలపాలి. కానీ ఈసారి నిర్ణయం ఊరి రచ్చబండ దగ్గర కాదు, బోర్డు సమావేశంలో జరిగేది. వోటుహక్కు ఆస్తి, పన్ను చెల్లింపులతో ముడిపడి ఉన్న కాలమది. బడి ఎక్కువగా అవసరమైన కూలీ కుటుంబాలకు ఆ నిర్ణయంలో మాట దాదాపు లేదు.

ముగింపు

నరసాపురం ప్రయోగాన్ని ప్రజల ఔదార్యానికి నిదర్శనంగా మాత్రమే కీర్తించడం, లేదా వలస పాలకుల ఎత్తుగడగా మాత్రమే కొట్టివేయడం రెండూ అసమగ్రమే. రైతు బడికోసం పన్ను భరించాడు. ఆ బడి తన ఊళ్లో, తన కళ్లెదుట ఉన్నందువల్ల భరించాడు. ఆ బంధం సెస్సు లెక్కల్లో కరిగిపోయినప్పుడు మిగిలినది చెల్లింపు మాత్రమే. నేడు ఉపాధ్యాయుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తున్నాయి. అమలాపురంలో ఇంటిపన్ను కట్టే గృహస్థుకు గ్రంథాలయ సెస్సు మాత్రం దానితోపాటే పడుతుంది. చదువు పేరిట స్థానిక ఆస్తిపై పడే పన్నుకు అది మిగిలిన ఆనవాలు. ఆ సెస్సుకూ తన వీధిలోని గ్రంథాలయానికీ ఉన్న సంబంధాన్ని అతడు గుర్తించగలడా అన్నది, నూట డెబ్బై ఏళ్లనాటి ప్రశ్నకు నేటి రూపం.