కుర్రాడి సైకిలు

బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక ఆదివారం పాత సైకిలు సామాన్ల సంతకు వెళ్లాను. చక్రాలూ పెడళ్లూ సీటూ ఏమీ లేని ఒట్టి ఫ్రేము ఒకటి గడ్డిలో పడి ఉంది. ఇంటి తలుపులకు వేసే ఆకుపచ్చ రంగు ఎవరో దాని మీద మందంగా పులిమేశారు. ఎత్తి చూస్తే నేననుకున్న దాంట్లో సగం బరువు కూడా లేదు. "కుర్రాళ్ల సైకిలది. సైజు చిన్నది, పెద్దవాళ్లకు పనికిరాదు. తక్కువకే ఇస్తాను" అన్నాడు అమ్మేతను.

నా ఎత్తు ఐదడుగులు. ఆ ఫ్రేము పక్కన నిలబడితే నాకు సరిగ్గా సరిపోయింది. అయినా ఆ మాట అప్పుడు నాకు తప్పుగా తోచలేదు. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. ఇది కుర్రాడిదే ఎందుకు కావాలి అన్న ప్రశ్న తర్వాతెప్పుడో, రంగు గీకుతూ కూర్చున్నప్పుడు వచ్చింది.

పేరు చెరిగిపోయిన ఫ్రేము ఏదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు దాన్ని బోర్లించి పెడళ్ల ఇరుసు తిరిగే గూడు అడుగున చూడాలి. నంబరు ఎక్కువగా అక్కడే కొడతారు. నా ఫ్రేముకు నాలుగంకెల నంబరుంది, కంపెనీ పేరు లేదు. ఫోర్కు ఊడదీసి దాని కాడ మీద చూస్తే అదే నంబరు. అంటే ఫ్రేమూ ఫోర్కూ పుట్టినప్పటినుంచీ కలిసే ఉన్నాయి. ఇరుసు గూట్లో మరలు కొలిస్తే అంగుళానికి 24. ఇటలీ ఫ్రేములకూ 24 మరలే ఉంటాయిగానీ అక్కడ రెండు వైపులా కుడిచేతి మరే. ఇంగ్లండు ఫ్రేముకు చైను వైపు కప్పు ఎడమచేతి మరతో బిగుస్తుంది. నాటింగ్‌హామ్‌లోని రాలీ ఫ్యాక్టరీ తన సొంత సైకిళ్లకు 26 మరలు వాడేది. కాబట్టి ఇది ఇంగ్లండుదే, కానీ ఆ ఫ్యాక్టరీది కాకపోవచ్చు. వెనక చక్రం పట్టే సందు 120 మిల్లీమీటర్లు. కేబుళ్లు పట్టి ఉంచే కొక్కేలు గొట్టాలకు అతికి లేవు, క్లిప్పులతో బిగించుకోవాల్సిందే. ఇవన్నీ 1950లు, 60ల నాటి తీరు.

సీటు గొట్టం మీద రంగు తీస్తే సగం చెరిగిన స్టిక్కరు బయటపడింది. రేనాల్డ్స్ 531. మేకులు చేసుకునే బర్మింగ్‌హామ్ కుటుంబం వాళ్లది. చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండే గొట్టానికి 1897లో పేటెంటు తీసుకున్నారు. అతుకుల దగ్గర బలం కావాలి, మధ్యలో బరువు తగ్గాలి, ఇదీ దాని వెనకున్న లెక్క. మాంగనీస్, మాలిబ్డినం కలిపిన 531 ఉక్కును 1935లో తెచ్చారు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు పందెం సైకిలంటే చాలామందికి అదే. సీటు గొట్టం బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు, అందులోకి 27.2 పోస్టు బిగుతుగా దిగింది. అంటే గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. గొట్టాల్లో మేలురకం ఇది. పందేల కోసం ఎవరో కొలతలిచ్చి చేయించుకున్న ఫ్రేము.

మరకూ సందుకూ గొట్టానికీ, అన్నిటికీ కొలతలున్నాయి. ఎవరు తొక్కారన్న దానికి మాత్రం కొలవకుండానే జవాబు వచ్చేసింది. ముందు బారు ఉంది కాబట్టి ఆడవాళ్లది కాదు, చిన్నది కాబట్టి పెద్ద మగవాడిదీ కాదు. ఇక మిగిలింది కుర్రాడు!

ఈ తర్కానికి నూటముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1885లో కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాడు. కొద్ది ఏళ్లలోనే ఫ్రేము ఇప్పుడు మనం చూసే వజ్రాకారానికి కుదురుకుంది. దాని బలమంతా త్రికోణంలో ఉంది. మూడు కడ్డీలను కలిపి బిగిస్తే ఆకారం మారదు, నాలుగు కడ్డీల చట్రాన్ని పక్కకు తోస్తే వాలిపోతుంది. పొడవు గౌన్ల కోసం ముందు బారు తీసేసినప్పుడు ఆ కట్టుబడి తెగింది. పోయిన గట్టిదనం కోసం మందం గొట్టాలు వేశారు, బరువు పెరిగింది. గౌను చక్రంలో పడకుండా వెనక వల, చైనుకు పెట్టె. ఇంకా బరువు. బట్టలు మార్చుకోవడం కన్నా ఇంజనీరింగు మార్చడమే ఆ సమాజానికి సులువైంది. అలా చేసిన బరువు సైకిలిచ్చి, ఆడవాళ్లు నెమ్మదిగా తొక్కుతారని కూడా అన్నారు.

ఆ బరువు ఎంతో ఒకావిడ అనుభవంలో చూడొచ్చు. లాట్వియాలో పుట్టి బోస్టన్‌లో స్థిరపడిన యూదు కుటుంబపు స్త్రీ, ముగ్గురు పిల్లల తల్లి, ఆనీ కోహెన్ కోప్‌చావ్‌స్కీ 1894లో 'ఆనీ లండన్‌డెర్రీ' అన్న పేరుతో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. బోస్టన్‌లో ఎక్కింది ఆడవాళ్ల కొలంబియా సైకిలు, బరువు 42 పౌన్లు. షికాగో చేరేసరికి దాన్ని వదిలేసి మగవాళ్ల స్టెర్లింగ్ తీసుకుంది. 21 పౌన్లు. సరిగ్గా సగం! సైకిలుతోపాటు గౌనూ వదిలేయాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాదే, 1893 సెప్టెంబరులో, పదహారేళ్ల టెస్సీ రేనాల్డ్స్ మోకాళ్ల దాకా ఉండే నిక్కరు తొడుక్కుని మగవాళ్ల సైకిలు మీద బ్రైటన్ నుంచి లండన్ వెళ్లి వచ్చింది. దాదాపు 120 మైళ్లు, ఎనిమిదిన్నర గంటలు. పత్రికలు ఆ గంటల కన్నా ఎక్కువగా ఆ నిక్కరు గురించే రాశాయి.

తర్వాత పందేలు తొక్కిన ఆడవాళ్లు ఈ దారినే నడిచారు. వేగం కావాలంటే బారున్న ఫ్రేమే కావాలి, కాకపోతే తమ కొలతకు. ఇంగ్లండులో స్త్రీల రహదారి రికార్డుల సంఘం 1934లో పుట్టింది. మార్గరీట్ విల్సన్ 1939లో హెర్క్యులస్ సైకిలు మీద దేశం ఈ కొసనుంచి ఆ కొసకు, ల్యాండ్స్ ఎండ్ నుంచి జాన్ ఓ గ్రోట్స్ దాకా, మూడు రోజులు నిండకముందే చేరింది. అదే హెర్క్యులస్ కంపెనీ 1951లో ఐలీన్ షెరిడన్‌ను జీతానికి తీసుకుంది. 1954లో ఆ దారినే, సుమారు 870 మైళ్లు, ఆమె 2 రోజుల 11 గంటల 7 నిమిషాల్లో దాటింది. అక్కడితో ఆపకుండా వెయ్యి మైళ్లూ పూర్తి చేసింది. అప్పటికే ఆమె ఒక బిడ్డ తల్లి. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు.

ఆ ఎత్తు చదివినప్పుడు నేను గీకుడు కాగితం కింద పెట్టేశాను. ఆ సంతలో ఆ గడ్డిలో షెరిడన్ సైకిలు పడి ఉన్నా అతను కుర్రాడిదనే అమ్మేవాడు!

1967లో బెరిల్ బర్టన్ పన్నెండు గంటల్లో 277.25 మైళ్లు తొక్కి, అదే పోటీలో ఉన్న మగవాళ్లందరినీ దాటింది. ఆ దూరాన్ని మగవాళ్లు 1969 దాకా అందుకోలేకపోయారు. కానీ ఒలింపిక్స్‌లో 1896లోనే మగవాళ్లకు మొదలైన రోడ్డు పందెం ఆడవాళ్లకు 1984లో గానీ రాలేదు. పందెం లేనిచోట పందెం సైకిలు ఉంటుందని ఎవరు ఊహిస్తారు? కంపెనీల జాబితాల్లో 'లేడీస్' అన్న శీర్షిక కింద ఎక్కువగా కనిపించేవి బారు లేని సైకిళ్లే. కొలతలిచ్చి చేయించుకున్న ఫ్రేముల వివరాలు చిన్న దుకాణాల చిట్టాల్లో ఉండేవి. దుకాణం మూతపడితే చిట్టా ఎక్కడికి పోయిందో చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఫ్రేము మిగులుతుంది, ఆమె పేరు మిగలదు. 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగిన మన తరానికి ఇది కొత్త సంగతి కాదు. ఉక్కు వస్తువు విషయంలో కూడా ఇలాగే జరుగుతుందని మాత్రం నేననుకోలేదు.

హెర్క్యులస్ పేరు చూడగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఆ చుట్టరికం నిజమే. రేనాల్డ్స్ గొట్టాల కంపెనీ, హెర్క్యులస్, రెండూ బ్రిటన్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కిందికి వచ్చాయి. అదే సంస్థ మురుగప్ప వాళ్లతో కలిసి 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పెట్టింది. ఆ సైకిలే మా నాన్నది. నల్లది, పెద్ద ఫ్రేము, ముందు బారు మీద నాకు చిన్న సీటు. అమ్మ మూడు కిలోమీటర్ల అవతల ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నడిచే వెళ్లేది. నాన్నకు వీలైన రోజున వెనక క్యారియరు మీద కూర్చునేది. అమ్మకు సైకిలు రాదనే నేననుకునేదాన్ని.

ఈ ఫ్రేము సంగతి ఫోన్లో చెబుతుంటే అమ్మ నవ్వింది. "నాకెందుకు రాదే? తెనాలిలో చదువుకునేటప్పుడు మా స్నేహితురాలి లేడీస్ సైకిలు మీద నేర్చుకున్నా. నీళ్లు తాగినంత సుళువుగా తొక్కేదాన్ని."

"మరి ఆపేశావెందుకు?"

"మనింట్లో ఉన్నది జెంట్స్ సైకిలు కదా. చీర కట్టుకుని ఆ బారు మీదనుంచి కాలెట్లా వేస్తానే? ఇంకో సైకిలు కొనే స్థోమత ఎక్కడుంది?"

ఒక్క సైకిలే కొనగలిగిన ఇంట్లో ఆ ఒక్కటీ జెంట్స్ సైకిలే. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లల్లో ఇదే జరిగిందో మనకు తెలుసు. ఇంగ్లండులో ఆడవాళ్ల బట్టల కోసం తీసేసిన బారు మా ఇంట్లో ఉండిపోయింది. తీసేసినచోట బరువు పెరిగింది, ఉండిపోయినచోట సైకిలే అందలేదు. తప్పు బారుదేనా?

కాదని పుదుక్కోట్టై ఆడవాళ్లు చూపించారు. తమిళనాడులోని ఆ జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పేద స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా పుదుక్కోట్టైలో సైకిళ్లెక్కి సాగారు. అప్పుడు లేడీస్ సైకిళ్లకు కరువొస్తే జెంట్స్ సైకిళ్లే తొక్కారనీ, బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే కోరుకున్నారనీ పి. సాయినాథ్ రాశారు. మా అమ్మకు అడ్డమైన బారే వాళ్లకు అక్కరకొచ్చింది. ఒక గుంపు వెంట ఉన్నప్పుడు, తొక్కమని ఒక ఉద్యమం పిలిచినప్పుడు, చీర కట్టుకునే కాలు వేయొచ్చని తేలింది. అమ్మ ఒంటరిగా ఉండిపోయింది.

మళ్లీ నా ఫ్రేము దగ్గరికి వస్తాను. గొట్టాలు పల్చన కాబట్టి ఇసుక మిషను పెట్టనివ్వకుండా చేత్తోనే రంగు తీశాను. ఫ్రేము వంగిందేమో చూడటానికి పురికొస చాలు. వెనక చక్రం కొక్కెం నుంచి ముందు తల గొట్టం చుట్టూ తిప్పి రెండో కొక్కేనికి లాగి కట్టాలి. సీటు గొట్టానికి రెండు వైపులా కొసకున్న దూరం కొలవాలి. నాకు ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. ఒకచోట ఇత్తడి అతుకు విడిచింది. దాన్ని పాత ఫ్రేములు తెలిసిన పనివాడి దగ్గర అతికించాను. 531ను మరీ కాలిస్తే బలం పోతుంది, అందుకే సన్నని మంట మీద అతకాలి. లోపల తుప్పు పట్టకుండా నూనె పోసి అటూ ఇటూ తిప్పాను. సగం చెరిగిన స్టిక్కరును అలాగే ఉంచి చుట్టూ రంగు వేశాను.

కొత్త హెర్క్యులస్ స్టిక్కర్లు బజార్లో దొరుకుతాయి. అంటించాలని ఒకరోజంతా కొట్టుకులాడాను. అంటిస్తే కథ ఎంత బాగుంటుంది! కానీ ఇది హెర్క్యులస్ అనడానికి నా దగ్గర ఒక్క గుర్తూ లేదు. ఆడమనిషే తొక్కిందనడానికీ లేదు. పొట్టి మగవాళ్లు పందేలు తొక్కలేదా? కొలవకుండా కుర్రాడిదన్నాడని అతన్ని తప్పుపట్టి, అదే పని నేనూ చేస్తే ఇక తేడా ఏముంది? మన చరిత్ర మనం కట్టుకునేటప్పుడు మరింత జాగ్రత్తగా కొలవాలి.

పాత ఫ్రేములు బాగుచేసేవాళ్లు వివరాలు ఒక కార్డు మీద రాసి పెడతారు. నేనూ రాశాను. సైజు 19 అంగుళాలు. గొట్టాలు రేనాల్డ్స్ 531. దేశం ఇంగ్లండు. కాలం 1950లు, 60లు. తొక్కినవారు అన్నచోట 'తెలియదు' అని రాశాను. దాని కింద ఇంకో గీత గీసి నా పేరు రాసుకున్నాను.

కిందటి వేసవిలో అమ్మ వచ్చినప్పుడు దాని చుట్టూ తిరిగి చూసింది. బారు మీద చెయ్యి వేసి, "ఇది మీ నాన్న సైకిలంత ఎత్తు లేదే" అంది.