కారెక్కించుకోని మనిషి

హాస్టల్ రోజుల్లో పింక్ ఫ్లాయిడ్ అంటే మాకు ఒక టీషర్టు. నల్ల గుడ్డ మీద పట్టకం, అందులోంచి ఇంద్రధనుస్సు (లెక్కపెట్టి చూడండి, రంగులు ఆరే ఉంటాయి. ఇండిగోని ఎగ్గొట్టారు). అది 1973లో వచ్చిన 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అట్ట బొమ్మ. నేను చెప్పబోయేది దాని తర్వాతి ఆల్బం గురించి. 1975 సెప్టెంబరులో వచ్చిన 'విష్ యూ వర్ హియర్'.

పెద్ద హిట్టు కొట్టాక నెక్స్ట్ రిలీజులో ఏం చెయ్యాలో తోచకపోవడం మనకే కాదు, వాళ్ళకీ తప్పలేదు. 1973 చివర్లో కొన్ని వారాలపాటు వాయిద్యాలు పక్కన పడేసి, రబ్బరు బ్యాండ్లూ వైన్ గ్లాసులూ వాయించి ఆల్బం చేద్దామని కూర్చున్నారు. అదంతా బుట్టదాఖలైంది, గ్లాసుల శబ్దం ఒక్కటి మిగిలింది. కొత్త ఆల్బం మొదట్లో మంచు తెరలా వినిపించేది అదే.

అసలు కథ సిడ్ బారెట్‌ది. బ్యాండుకి పేరు పెట్టిందీ, తొలి హిట్లు రాసిందీ అతనే. 1967 చివరికొచ్చేసరికి మనిషి మనిషిలా లేడు. ఎల్‌ఎస్‌డీ అంటారు, మానసిక జబ్బంటారు, రెండూనేమో. స్టేజి మీద ఒకే తీగ మీటుతూ నిలబడిపోయేవాడు. 1968 జనవరిలో సౌతాంప్టన్‌లో కచేరీకి వెళ్తూ, దారిలో సిడ్‌ని ఎక్కించుకోవాలా అనే ప్రశ్న వచ్చింది. ఎందుకులే అనుకున్నారు. అంతే. మీటింగు లేదు, ఉత్తరం లేదు. కారు ఆగలేదు.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. నా మొదటి ప్రాజెక్టులో కోర్ మాడ్యూల్ అంతా రాసినాయన ఒకాయన ఉండేవాడు. ఆరోగ్యం దెబ్బతిని సగం రోజులు వచ్చేవాడు కాదు, వచ్చినా పరధ్యానం. ఒక డిజైన్ మీటింగుకి ఆయన పేరు లిస్టులో పెట్టలేదు. ఎవరూ పెట్టొద్దనలేదు, ఎందుకు పెట్టలేదనీ అడగలేదు. ఆ లిస్టు పంపింది నేనే. ఆయన వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకి కూడా సోర్సు ఫైళ్ళ నెత్తిన కామెంట్లో ఆయన పేరు అలాగే ఉండేది. అందుకే నేనీ ఆల్బం అందరిలా వినలేను.

సరే, ఆల్బంకొద్దాం. 1974లో గిల్మోర్ గిటార్ మీద నాలుగు స్వరాలు తగిలాయి. వాటిలోంచి రోజర్ వాటర్స్‌కి సిడ్ గుర్తొచ్చాడు. 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' అలా పుట్టింది. ఆ ఏడాదే స్టేజి మీద వాయించేశారు కూడా. 1975 జనవరిలో లండన్ అబీ రోడ్ స్టూడియోకి వెళ్తే పని ముందుకి కదల్లేదు. డబ్బొచ్చింది, ఆకలి పోయింది. మనుషులు గదిలో ఉన్నా మనసులు లేవు. ఇంజనీరు బ్రయాన్ హంఫ్రీస్‌కి అక్కడి పరికరాలు కొత్త, పొరపాటున ట్రాకుల మీద ఎకో పడి మొత్తం మళ్ళీ రికార్డు చెయ్యాల్సొచ్చింది (బ్యాకప్ లేని బాధ ఎవరికైనా ఒకటే). చివరికి వాటర్స్ ఈ లేకపోవడమే ఆల్బం అన్నాడు. పెద్ద పాటని రెండు ముక్కలు చేసి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి పెట్టి, మధ్యలో మూడు కొత్త పాటలు చేర్చారు. గిల్మోర్ వద్దన్నాడు, మిగతావాళ్ళు వినలేదు. అప్పుడు పక్కన పెట్టిన రెండు పాటలే 1977లో 'యానిమల్స్'లో పేరు మార్చుకుని తేలాయి. 'హావ్ ఎ సిగార్' పాడింది బ్యాండులో ఎవరూ కాదు, పక్క గదిలో తన రికార్డు చేసుకుంటున్న రాయ్ హార్పర్!

1975 జూన్‌లో ఒకరోజు 'షైన్ ఆన్' మిక్సింగ్ జరుగుతోంది. స్టూడియోలో ఒక లావుపాటి మనిషి. గుండు, కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. వాటర్స్ స్నేహితుడేమో అనుకున్నాడు రిక్ రైట్. కంపెనీ మనిషి అనుకున్నాడు గిల్మోర్. ఎవరో తెలిసేసరికి చాలాసేపు పట్టింది. తెలిశాక వాటర్స్ ఏడ్చాడు. ఆ రాకని చూసే పాట రాశారని చాలామంది చెప్తారు, తప్పు. పాట అప్పటికే ఏడాది పాతది. అతని గురించి ఏడాదిగా పాడుతున్నవాళ్ళు, అతనే ఎదురుగా వచ్చి కూర్చుంటే గుర్తుపట్టలేదు.

రికార్డు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్. బ్రిటన్‌లో ముందస్తు ఆర్డర్లకి సరిపడా కాపీలు కొట్టలేకపోయింది ఈఎంఐ. నల్ల ప్లాస్టిక్ చుట్టి, లోపలి బొమ్మ కూడా కనపడకుండా అమ్మారు. ఆ బొమ్మలో మంటల్లో ఉన్నది నిజం మనిషే, రానీ రాండెల్ అనే స్టంట్‌మ్యాన్. గాలి తిరిగి మీసం కాలింది పాపం. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. రోలింగ్ స్టోన్ పత్రిక, వీళ్ళకి మనసు లేదు, నీరసంగా వాయించారంది. అదే పత్రిక 2003లో తన 500 గొప్ప ఆల్బముల లిస్టులో దీన్ని చేర్చింది. నన్నడిగితే 1975 నాటి మాట పూర్తిగా తప్పు కాదు. ఆ నీరసం నిజంగానే ఉంది. వాళ్ళు దాన్ని దాచకపోవడమే నాకు నచ్చింది.

పశ్చాత్తాపాన్ని కూడా అమ్ముకున్నారు కదా అని ఒక మిత్రుడు వాదిస్తాడు. పూర్తిగా కాదనలేను. కానీ సిడ్ సోలో ఆల్బములకి గిల్మోర్, వాటర్స్, రైట్ పనిచేశారు. పాత పాటల రాయల్టీ అతనికి చేరేలా గిల్మోర్ చూసుకున్నాడు. సిడ్ కేంబ్రిడ్జిలో బొమ్మలేసుకుంటూ, తోటపని చేసుకుంటూ 2006 జూలైలో పోయాడు. నేను మా ఆయనకి ఒక్క మెయిలు కూడా రాయలేదు.

ఈసారి వింటే హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా వినండి. పాట సన్నగిల్లిపోతూ ఉంటే రైట్ కీబోర్డు మీద ఇంకో ట్యూను ముక్క వినిపిస్తుంది. అది 1967 నాటి సిడ్ పాట, 'సీ ఎమిలీ ప్లే'.