గాదె యడుగు

ఇంటిలో బియ్యము చెల్లిపోయినప్పుడు "అయిపోయినవి" యనుట మనవారి కశుభము, "నిండుకొన్నవి" యందురు. లేమిని నిండుదనముగా బలుకు నీ సంప్రదాయము మాటతో నాగలేదు. గాదె నెన్నడును పూర్తిగా ఖాళీ చేయరాదనియు, అడుగున నాలుగు గింజలైన నిలిపి వానిపైననే క్రొత్తపంట పోయవలయుననియు పెద్దలు పట్టుబట్టుట పలుచోట్ల గలదు. ఇది మౌఢ్యమని నవ్వివేయుట సులభము. కాని 1832-33 నాటి నందన కరువులో, గుంటూరుసీమ వారు డొక్కల కరువని పిలిచిన యా యేట, ఖాళీగాదె యన నేమో కన్నులార చూచినవారి సంతతి మనము. ఆ నాలుగు గింజల వెనుక నున్నది భయము. ఆ భయమునకు కారణము కలదు. చిక్కంతయు నా గింజలలో నేమున్నదో యెరుగకపోవుటయందే యున్నది.

అందున్నది ముక్కుపురుగు. ఆడుపురుగు తన ముక్కుతో గింజకు సన్నని బెజ్జము దొలిచి, లోపల నొక గ్రుడ్డు పెట్టి, జిగురువంటి పదార్థముతో నా బెజ్జమును మూసివేయును. పైకి గింజ చెక్కుచెదరక కనబడును. లోనిపిల్ల గింజసారమును దినుచు పెరిగి, మన దేశపు వేడిమిలో నించుమించు నెలదినములకు పురుగై వెలికివచ్చును. ఒక్కొక్క యాడుపురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టగలదు. కావున లక్ష్మి యని మన ముంచిన పిడికెడు గింజలు క్రొత్తపంటకు పురుగువిత్తనములగుచున్నవి. గింజలు తీసి దుమ్ము విడిచిన ఫలము లేదు. నూకలను, పిండిని దిని బ్రదుకు పురుగులు వేరే కలవు. వెదురుగాదె యల్లికసందులు, మట్టిపూత నెరియలు వాని నివాసములు. గాదె నూడ్చి, యెండబెట్టి, నెరియలు పూడునట్లు మట్టియు పేడయు గలిపి యలికి, ఆ పూత బాగుగా నారినపిదప పంట పోయు నిల్లాలి పని శాస్త్రసమ్మతమైనది. ఊడ్చిన చెత్తను గాదెప్రక్కనే గోడవార పోయుట మాత్రము కాదు, దానిని కాల్చివేయవలయును. శుభమునకై గింజలుంచక తీరదందురా, వానిని బాగుగా నెండించి వేరొక చెంబులో దేవునియొద్ద నుంచుకొనవచ్చును.

ఈ విషయమున మన ప్రాచీనులు లోకాచారముకంటె స్పష్టముగా నుండిరి. శ్యామశాస్త్రిగారు 1909లో మైసూరున ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని ప్రకరణ మొకటి కలదు. వచ్చిన ధాన్యమున సగము జనపదముల యాపదకై నిలువచేసి, సగము వాడుకొనవలయునట; క్రొత్తది వచ్చినప్పుడు పాతదానిని తీసివేసి క్రొత్తదాని నుంచవలయునట. ఇట గ్రంథకర్త వాడిన క్రియ "శుద్ధి" యను మాటతో నేకధాతుజము. కరువు భయమున నిలువచేయుమన్న యాతడే పాతను మిగుల్పవలదన్నాడు! ఆ ప్రకరణమందే కొట్టున పనిచేయువారి పట్టికయు గలదు. అందు మొదటివాడు మార్జకుడు, అనగా నూడ్చువాడు. కావలివాడు, తూచువాడు, కొలుచువాడు తరువాత వత్తురు. కాని వీరందరికి నాతడిచ్చిన పేరు "విష్టి". మన "వెట్టి" యా మాటకు తద్భవమే. తొలుత పేర్కొనబడిన మనుష్యుని పని యట్లు వెట్టిలో జేరినది.

పైనున్న గాదె నూడ్చుట ధూళితో తీరును. పాతర సంగతి వేరు. జొన్నలు పండు మెట్టసీమలలో భూమిలో గొయ్యిత్రవ్వి, గడ్డి పరచి, ధాన్యముపోసి, పైన మన్ను గప్పి మూయుదురు. మూతబడిన గోతిలో గింజయు, పురుగును, బూజును ఊపిరి పీల్చుచుండుటచే ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు గాలి పెరుగును. పురుగు నణచుటకు నిదియే పాతర బలము. మనుష్యునికి నిదియే మృత్యువు. ఆ గాలి మామూలు గాలికంటె బరువైనదగుటచే నడుగున నిలిచియుండును. గింజ తీసి తీసి చివర మిగిలినదానిని గోకుటకు దిగినవాడు తల తిరిగి పడిపోవును. వానిని దీయబోయిన రెండవవాడును పడును. దీనినే మనవారు పాతరలోని భూతమని చెప్పుకొనిరి.

భూతము కాదని రోమకులకు ముందే తెలిసినది. క్రీస్తునకు పూర్వము 37 ప్రాంతమున కృషిని గూర్చి వ్రాసిన వర్రో, పాతర తెరిచిన వెంటనే దిగుట ప్రమాదమనియు, కొందరి కూపిరి యాడక పోయినదనియు, తెరిచి కొంతకాల మాగి ధాన్యము తీయవలయుననియు చెప్పెను. ఆ గాలి యేదియో 1750 తరువాతి యేండ్లలో స్కాట్లండున జోసెఫ్ బ్లాక్ పరిశోధించువరకు తేలలేదు. జాగ్రత్తకు మాత్ర మా పరిశోధనతో పనిలేదు. దీపము దింపి చూచు వాడుక మంచిదే, ఆరినచో దిగరాదు. వెలుగుచున్నను దిగవచ్చునని నమ్మరాదు, ఏలయన దీపమార్పని మోతాదులోనే యా గాలి మనుష్యుని కపాయము చేయగలదు.

ఇంతకు పాతరలోనికి దిగినవా డెవడు? ధాన్యము గలవాడు గట్టున నిలుచును, దిగువాడు పాలేరు. కడపటి గింజవరకు గోకుమనుట యజమానుని పొదుపు. దాని వెల వాని యూపిరి. వెట్టిని 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము ఇరువదిమూడవ యధికరణమున నిషేధించినది. కాని గోతియడుగున నెవ రెట్లు దిగవలయునో చెప్పుట యా యధికరణము పని గాదు. అమెరికాలో 1987 చివర వెలువడిన నిబంధన, ధాన్యపువర్తకుల పెద్దకొట్లలోనికి గాలి పరీక్షింపక మనుష్యుని దింపరాదనియు, వెలుపల నొకడు కనిపెట్టియుండవలయుననియు విధించినది. సేద్యగాండ్ర సొంతగాదెల కది వర్తింపదు.